సగం కుర్చీలు వాళ్ళకు

మాంట్రియల్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మెక్‌గిల్ యూనివర్సిటీ పేరు బాగానే నలుగుతుంది. పిల్లలు పన్నెండో ఏడు దాటారంటే చాలు, ఇంజనీరింగ్ సీటు, మెడిసిన్ సీటు అంటూ ఆరాలు మొదలవుతాయి. అదే క్యాంపస్‌లో, మెక్‌టావిష్ వీధిలోని మారిస్ హాల్‌లో ఇస్లామిక్ అధ్యయన సంస్థ ఒకటుందన్న సంగతి మాత్రం ఆ కబుర్లలో ఎక్కడా రాదు.

దాన్ని 1952లో స్థాపించిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ క్రైస్తవ పండితుడు. 1940లలో లాహోర్‌లో పాఠాలు చెప్పి వచ్చినవారు. ఒక మతం గురించి ఏం మాట్లాడినా ఆ మతస్థుల ఎదుటే మాట్లాడాలన్నది ఆయన పట్టుదల. అందుకే అధ్యాపకుల్లో, విద్యార్థుల్లో సగం మంది ముస్లింలు ఉండాలని నియమం పెట్టుకున్నారు.

ఆ నియమం ఫలించింది. పాకిస్తానీ పండితుడు ఫజ్లుర్ రహ్మాన్ 1958 నుంచి 1961 దాకా ఇక్కడే బోధించారు. 1969లో షికాగో యూనివర్సిటీలో చేరి, చివరిదాకా అక్కడే ఉన్నారు. ఖురాన్‌ను అది వెలువడిన కాలం, సమాజం నేపథ్యంలో చదవాలన్న ఆయన వాదనపై నేటికీ చర్చ సాగుతోంది. విజిటింగ్ ప్రొఫెసర్‌గా వచ్చిన తొషిహికో ఇజుత్సు జపాన్ దేశస్థుడు, ముస్లిం కాదు. అయినా ఖురాన్‌లోని భావనలపై ఆయన రాసిన పుస్తకాలను ముస్లిం పండితులు గౌరవంగా చదువుతారు. ఇండొనేషియా నుంచి వచ్చి చదువుకున్న ముక్తి అలీ స్వదేశంలో తులనాత్మక మత అధ్యయనానికి పునాది వేశారు. 1971 నుంచి 1978 వరకు ఆ దేశ మత వ్యవహారాల మంత్రిగా పనిచేశారు.

ఇలాంటి రాకపోకల్లో హైదరాబాద్ కూడా వెనకబడలేదు.

1908లో అక్కడ పుట్టి, ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా బాన్, పారిస్‌లలో డాక్టరేట్లు పొందారు. 1948 తర్వాత పారిస్‌లో ఉండిపోయి, ఇస్తాంబుల్ యూనివర్సిటీకి ఏళ్ళ తరబడి విజిటింగ్ ప్రొఫెసర్‌గా వెళ్ళివచ్చారు. 1959లో ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదం వెలువడింది. ఫ్రెంచి రాజ్యమేలే క్యుబెక్‌లో బతుకుతున్న మన పిల్లలకు ఈ పేరు తప్పక చెప్పాలి.

ఉస్మానియాలోనూ, గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనూ ఇస్లామిక్ స్టడీస్ విభాగాలున్నాయి. గుళ్ళకూ బళ్ళకూ ఉదారంగా విరాళాలిచ్చే ప్రవాస సంఘాలు తలుచుకుంటే, ఏటా అక్కడి పండితుణ్ణి ఒకరిని ఇక్కడికి, ఇక్కడివారిని ఒకరిని అక్కడికి పంపించడం కష్టమేమీ కాదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన ఎవరో ఒకరు లేవనెత్తాలి, మిగతావారు బలపరచాలి.