అరణ్యంలో మేము మౌనంగా ఉన్న రోజు



సేవ చేసి అలసిపోయి వచ్చిన శిష్యులను ప్రభువు జనం మధ్య నుండి పక్కకు పిలిచి, అరణ్యంలో విశ్రాంతి తీసుకోమన్నాడు (మార్కు 6:31). ఈ వాక్యం మీద మేము చాలాసార్లు ప్రసంగించాము. దాన్ని పాటించింది మాత్రం ఈ మార్చిలోనే.

మన సంఘం నుండి పదకొండు మందిమి తెల్లవారుజామున 2 గంటలకు అయిజలో బయలుదేరాము. గద్వాల, ఎర్రవల్లి దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణానది దాటి, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా మన్ననూరు చేరాము. అక్కడి నుండి నల్లమల. 2014లో రాష్ట్రం విడిపోయాక మన వైపు అడవి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. రాత్రి 9 నుండి ఉదయం 6 వరకు ఆ దారిలో వాహనాలు వదలరు. ఆ వేళ రోడ్డు జంతువులది.

అరణ్యం అంటే పచ్చగా ఉంటుందనుకున్నారు మన పిల్లలు. మార్చిలో నల్లమల అలా ఉండదు. టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి, గడ్డి ఎండిపోయింది, మోదుగ పూలు మాత్రమే ఎర్రగా ఉన్నాయి. మన బైబిలులో అరణ్యం అంటే చాలా చోట్ల ఇలాంటి ఎండిన చోటే. ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు నడిచింది అటువంటి నేలమీదే.

ఫరహాబాద్ వైపు జీపులో వెళ్తుంటే మేము అలవాటు ప్రకారం పాట ఎత్తుకున్నాము. మాతో వచ్చిన గైడు చెంచు యువకుడు. "సార్, జర సప్పుడు చేయకుండ్రి. మీరు మాట్లాడితే అడవి మాట్లాడదు" అన్నాడు. మాకు కొంచెం చిన్నతనమనిపించింది. ఇరవై ఏళ్లుగా మైకు పట్టుకున్నవాళ్లం కదా! అయినా ఊరుకున్నాము. పులి కనబడలేదు. జింకలు, కొండముచ్చులు, నెమళ్లు కనబడ్డాయి.

కొండ మీద వ్యూ పాయింట్ దగ్గర దిగి కూర్చున్నాము. మా పక్కన మన సంఘపు సహోదరుడు ఒకరు కూర్చున్నారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాము. ఆయన సీడ్ పత్తి వేశారు. ఇంటిల్లిపాదీ వంగి పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేశారు. ఒక కంపెనీ ఆ విత్తనం పరీక్షలో ఫెయిల్ అని చెప్పింది. అప్పు మిగిలింది. నాలుగు నెలలుగా ఆయన ఇంటికి వెళ్లినప్పుడల్లా మేము వాక్యం చెప్పాము, ప్రార్థన చేశాము, లేచి వచ్చాము. ఆయన "సరే అయ్యగారూ" అనేవారు, అంతే.

ఆ రోజు మేము ఏమీ చెప్పలేదు. అరగంట గడిచింది. అప్పుడు ఆయనే అన్నారు: "అయ్యగారూ, అప్పు సంగతి కాదు. నేను ప్రార్థన చేయడం మానేసిన. మీకు చెప్పాలంటే భయమైంది. మీరు వెంటనే వాక్యం చెప్తరని."

ఆ మాట మాకు గుచ్చుకుంది. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా ఆయనతో నేలమీద కూర్చున్నారు (యోబు 2:13). వాళ్లు చేసిన మంచి పని అదే. నోరు తెరిచాకే తప్పులు మొదలయ్యాయి. చివరికి దేవుడే వారి మీద కోపగించాడు (42:7). మేము మాత్రం ఏడు నిమిషాలైనా ఆగలేదు.

తిరుగు దారిలో ఆయన పెద్దగా మాట్లాడలేదు. అప్పు ఇంకా తీరలేదు. కానీ మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి, "నిన్న రాత్రి కొంచెంసేపు ప్రార్థన చేసిన" అన్నారు. మేము సంతోషంగా ఆయన చెయ్యి పట్టుకున్నాము. వాక్యం చెప్పలేదు.

ప్రియులారా, ఇకమీదట మేము మీ ఇంటికి వస్తే ముందు కూర్చుంటాము, వింటాము. బైబిలు తరువాత తెరుస్తాము. మీ వాడలోనూ పంట పోయిన ఇల్లు, మనిషి పోయిన ఇల్లు ఉంటాయి. వెళ్లండి. చెప్పడానికి మాట లేకపోయినా వెళ్లండి.

ప్రభువా, వినే చెవిని మాకు దయచేయుము. ఆమెన్.