భుజాన మోసే ఇల్లు

సుపీరియర్ సరస్సు దక్షిణపు ఒడ్డున, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వాయవ్య కొసన పోర్క్యుపైన్ మౌంటెన్స్ అనే కొండలున్నాయి. పోర్క్యుపైన్ అంటే ఏదుపంది. అడవి కప్పుకున్న ఈ వరస దూరం నుంచి చూస్తే ఏదుపంది ముణగదీసుకుని పడుకున్నట్టు ఉంటుందని, అందుకే ఓజిబ్వే ప్రజలు ఆ పేరు పెట్టారని చెబుతారు. చుట్టుపక్కల వాళ్లు ముద్దుగా పోర్కీస్ అంటారు. ఇక్కడి స్టేట్ పార్కు విస్తీర్ణం సుమారు 60 వేల ఎకరాలు. అన్నిటికన్నా ఎత్తయిన సమ్మిట్ పీక్ 1,958 అడుగులే. తిరుమల కొండలు ఎక్కినవారికి ఇది పెద్ద ఎత్తు కాదు. ఈ చోటు గొప్పతనం ఎత్తులో లేదు, గొడ్డలి పడని అడవిలో ఉంది, దాని పక్కనున్న నీటిలో ఉంది.

ఆ నీటిని సరస్సు అనడానికి నోరు రాదు. సుపీరియర్ వైశాల్యం సుమారు 82 వేల చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో దాదాపు ముప్పాతిక వంతు. అత్యధిక లోతు 406 మీటర్లు. వైశాల్యం లెక్కన ప్రపంచంలోని మంచినీటి సరస్సులన్నిటిలోకీ ఇదే పెద్దది. అవతలి గట్టు కనిపించదు. అలలు లేస్తాయి, రాత్రంతా హోరు వినిపిస్తుంది, తుపాను పట్టిందంటే ఓడలు మునుగుతాయి. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే సరకుల ఓడ 29 మందితో ఈ నీళ్లలోనే మునిగిపోయింది, ఒక్కరూ బతకలేదు. సముద్రానికి ఉన్నవన్నీ దీనికీ ఉన్నాయి, ఒక్క ఉప్పు తప్ప. విశాఖ తీరంలో పెరిగినవాళ్లు ఇక్కడ ఒడ్డున నిలబడితే మొదట వెలితిగా తోచేది ఆ ఉప్పుగాలే.

ఇక అడవి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనూ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ మిషిగన్ అడవుల్లో ఎక్కువ భాగం రంపాలకింద పడింది. ముందు తెల్ల పైన్ చెట్లు పోయాయి, తర్వాత గట్టి కలప చెట్లు పోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో కలపకు గిరాకీ పెరిగి రంపాలు ఈ కొండల అంచుదాకా వచ్చినప్పుడు, మిగిలిన ఈ కాస్తనైనా నిలబెట్టాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లున్నారు. 1945లో రాష్ట్రం దీన్ని పార్కుగా ఏర్పాటు చేసింది. ఇప్పుడు 30 వేల ఎకరాలకు పైగా ఎన్నడూ నరకని అడవి ఇందులో ఉంది. అమెరికా నడిమి రాష్ట్రాల్లో ఇంత పెద్ద ముక్క మరెక్కడా దొరకడం కష్టం. ఇక్కడి ముఖ్యమైన చెట్లు షుగర్ మేపుల్, పసుపు బర్చ్, హెమ్‌లాక్. సోక్రటీసు తాగిన విషానికీ ఈ హెమ్‌లాక్‌కూ పేరులో తప్ప చుట్టరికం లేదు, ఇది సూదుల్లాంటి ఆకులుండే పెద్ద మాను. వందల ఏళ్లు బతుకుతుంది. దాని కింద మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉంటుంది. కూలిన మానును అక్కడే వదిలేస్తారు. దానిమీద నాచు పడుతుంది, నాచులో విత్తనం పడి కొత్త బర్చ్ మొలుస్తుంది. ఎన్నో ఏళ్లకు అడుగున మాను పూర్తిగా చివికిపోయాక ఆ బర్చ్ వేళ్లు గాలిలో కాళ్లమీద నిలబడ్డట్టు కనిపిస్తాయి. పిల్లలకు అడవి అంటే ఏమిటో చెప్పాలంటే ఆ ఒక్క చెట్టు ముందు ఐదు నిమిషాలు నిలబెడితే చాలు.

డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, కాంటన్ లాంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అదే రాష్ట్రమైనా అక్కడి నుంచి ఇక్కడికి కారులో దాదాపు పది గంటల ప్రయాణం. దారిలో మ్యాకినా వంతెన వస్తుంది. 1957లో మొదలైన ఈ ఐదు మైళ్ల వంతెన దాటితేనే అప్పర్ పెనిన్సులా. మునిమాపువేళ జింకలు రోడ్డు మీదికి వస్తాయి కాబట్టి ఒక్క బిగిన రావడం కన్నా మధ్యలో ఒక రాత్రి ఆగడం మేలు. ఇంకో తమాషా ఏమిటంటే కాలమానాల గీత పార్కు మధ్యలోంచే పోతుంది. తూర్పున యూనియన్ బే దగ్గర ఎనిమిదైతే, పడమట ప్రెస్క్ ఐల్ నది దగ్గర ఏడే. సెల్‌ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల అందదు కాబట్టి ముందుగా అనుకున్న చోట ముందుగా అనుకున్న వేళకు కలవాలంటే ఏ గడియారం లెక్కో కూడా చెప్పుకోవాలి.

ఇక్కడ విడిది రెండు రకాలు. యూనియన్ బే క్యాంపుగ్రౌండులో సరస్సు ఒడ్డునే కారు నిలుపుకుని పక్కన టెంటు వేసుకోవచ్చు. కరెంటు ఉంటుంది, వేడినీళ్ల స్నానాల గదులుంటాయి. రెండోది లోపలి అడవి. అక్కడికి కారు పోదు. ముందే బుక్ చేసుకున్న స్థలం దాకా సామాను వీపున వేసుకుని నడవాలి. ఈ రెంటికీ మధ్యస్థంగా లోపల కొన్ని చెక్క ఇళ్లున్నాయి. కట్టెల పొయ్యి, పడుకునే బల్లలు ఉంటాయి, కరెంటూ కుళాయీ ఉండవు. మొదటిసారి పిల్లలతో వచ్చేవాళ్లు మొదటి రాత్రి యూనియన్ బేలో గడిపి, రెండో రాత్రికి లోపలికి వెళ్లడం సరైన వరస. కొత్త టెంటు నిలబెట్టడం, స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుని నిద్రపోవడం, చీకట్లో టార్చిలైటు వెతుక్కోవడం, ఈ తడబాట్లన్నీ కారు పక్కనే తీరిపోతాయి.

లోపలికి వెళ్లే రోజు పొద్దున ఇంటి సంగతి కొత్తగా అర్థమవుతుంది. గోడలు, పైకప్పు, పరుపు, వంటిల్లు, మందుల డబ్బా, అన్నీ నలుగురి భుజాల మీదికి ఎక్కాలి. ఏదైనా తీసుకెళ్లాలంటే ఎవరో ఒకరు మోయాలి. అందుకని ఇంట్లో ఎన్నడూ రాని ప్రశ్నలు వస్తాయి. రెండో జత ప్యాంటు అక్కర్లేదు, రెండో జత మేజోళ్లు మాత్రం తప్పకుండా కావాలి. గొడుగు వద్దు, వానకోటు కావాలి. జీన్స్ తడిస్తే ఆరవు, బరువెక్కుతాయి, ఒంటిని చల్లబరుస్తాయి. వేసవిలో కూడా ఒక ఉన్ని దుస్తు అవసరమే. పదేళ్ల పిల్లవాడైనా తన నీళ్ల సీసా, తన వానకోటు, తన స్లీపింగ్ బ్యాగు తనే మోయాలి. మొదటి మైలులో గునుస్తాడు. కానీ రాత్రి ఆ సంచి విప్పి పడుకున్నప్పుడు, తాను మోసుకొచ్చిన పడకమీద తాను పడుకున్నానన్న సంగతి వాడికి చెప్పనక్కర్లేదు.

తెలుగువాళ్లకు తిండి దగ్గర చిక్కు వస్తుంది. అన్నం వండటానికి గ్యాసూ టైమూ రెండూ ఎక్కువే పడతాయి. అటుకులు నయం, తేలికగా ఉంటాయి, వేడినీళ్లు పోస్తే చాలు. వేయించిన రవ్వలో తాలింపు ముందే కలిపి పొట్లం కట్టుకుంటే పది నిమిషాల్లో ఉప్మా అవుతుంది. చపాతీలు రెండు రోజులు నిలుస్తాయి. మొదటి పూటకు పులిహోర ఉండనే ఉంది. కందిపొడి, కారప్పొడి చిన్న పొట్లాల్లో సర్దుకోవచ్చు. ఆవకాయ జాడీ మాత్రం ఇంట్లో ఉండటమే మంచిది. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు తిరుగుతాయి, వాటి ముక్కు చాలా చురుకైనది. మనిషిని చూసి అవి సాధారణంగా తప్పుకుని పోతాయి. కానీ టెంటులో తిండి దొరుకుతుందని ఒకసారి తెలిస్తే మరిచిపోవు, మళ్లీ మళ్లీ వస్తాయి. అలా అలవాటుపడ్డ ఎలుగును చివరికి చంపవలసి రావచ్చు. అందుకే తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, తలనూనె, తిని పారేసే కాగితాలు అన్నీ ఒక సంచిలో వేసి, విడిది చోట్ల నాటిన ఎత్తయిన ఇనుప స్తంభం కొక్కేలకు తగిలించాలి. పిల్లవాడి జేబులో మరిచిపోయిన చాక్లెట్టు కూడా ఆ సంచిలోకి పోవాలి. ఇది భయపడి చేసే పని కాదు, ఆ జంతువు ఇంటికి వచ్చిన అతిథి పాటించవలసిన మర్యాద.

ఏటి నీళ్లు ఎంత తేటగా కనిపించినా అలాగే తాగకూడదు. జియార్డియా అనే సూక్ష్మజీవి వల్ల ఇంటికి వెళ్లిన వారానికి విరేచనాలు పట్టుకోవచ్చు. తెర్లుతున్న నీటిని ఒక నిమిషం అలాగే మరగనిస్తే చాలు, లేదా ఫిల్టరు వాడాలి. గిన్నెలు ఏట్లో కడగరాదు. నీళ్లు తోడుకుని ఒడ్డుకు కనీసం 200 అడుగుల దూరంలో కడిగి, ఆ నీళ్లు నేలమీద చల్లాలి. కాలకృత్యాలకూ అదే దూరం, ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంత, పైన మట్టి. వంటచెరకు ఇంటినుంచి తేవద్దనే నియమం చాలామందికి వింతగా ఉంటుంది. దాని వెనక పెద్ద నష్టమే ఉంది. ఆసియా నుంచి వచ్చిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర గుర్తించారు. అది కోట్లకొద్దీ యాష్ చెట్లను చంపింది. తనంత తానైతే నెమ్మదిగానే పాకేది. కార్ల డిక్కీల్లో కట్టెలతో పాటు ఎక్కి వందల మైళ్లు ప్రయాణించింది. కట్టెలు పార్కు దగ్గరే కొనుక్కోవాలి.

నడకల్లో ముందు చూడవలసింది లేక్ ఆఫ్ ది క్లౌడ్స్. కారు ఆపిన చోటునుంచి నాలుగడుగులు వేస్తే కొండచరియ అంచు వస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా కూడా అక్కడిదాకా నడవగలరు. దాదాపు 300 అడుగుల కింద, అన్ని వైపులా అడవి మధ్య, సన్నగా పొడుగ్గా నీలం సరస్సు కనిపిస్తుంది. కాళ్లకింది నల్లరాయి సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట ఖండం నడుమ నేల చీలి పొంగిన లావా గడ్డకట్టి ఏర్పడింది. చీలిక ఆగిపోయింది, లేకపోతే ఇక్కడ ఒక మహాసముద్రం ఉండేది. ఆ లావా బరువుకు కుంగిన పల్లాన్నే ఎంతోకాలం తర్వాత మంచుపలకలు తొలిచాయి, అవి కరిగిన చోట సుపీరియర్ నిలిచింది. చరియ వెంట తూర్పుకు నాలుగు మైళ్ల ఎస్కార్ప్‌మెంట్ ట్రెయిల్ ఉంది. ఎక్కుడూ దిగుడూ ఉన్నా ప్రతి మలుపులోనూ లోయ కనిపిస్తుంది కాబట్టి పిల్లలు అలసటను మరిచిపోతారు. పెద్దవాళ్లు గంటకు రెండు మైళ్లు లెక్క వేస్తారు, ఆరేళ్ల బిడ్డ ఉంటే ఒక మైలే లెక్క వేసుకోవాలి. ఆ బిడ్డను అందరికన్నా ముందు నడిపిస్తే గుంపు విడిపోదు, వెనకబడ్డానన్న ఏడుపూ ఉండదు.

చరియమీదినుంచి పడమటికి పోయే బిగ్ కార్ప్ రివర్ ట్రెయిల్ తొమ్మిది మైళ్లు దిగుతూ నది వెంట సరస్సు ఒడ్డుకు చేరుతుంది. పాత హెమ్‌లాక్ అడవి నిజంగా చూడాలంటే ఆ దారే. ఒడ్డు వెంట సాగే లేక్ సుపీరియర్ ట్రెయిల్ 17 మైళ్లు, బురదా పడిన చెట్లూ ఎక్కువ, చిన్నపిల్లలతో మొత్తం నడవాలనుకోవడం తెలివైన పని కాదు. పడమటి కొసన ప్రెస్క్ ఐల్ నది మీద మూడు జలపాతాలు వరసగా ఉన్నాయి. వాటి పేర్లు నవడాహ, మానిడో, మానబెజో. అడవి ఆకుల సారం దిగి నీరు టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. సుళ్లలో తిరిగే గులకరాళ్లు మెత్తని పలకరాతిలో రోళ్లు తొలిచినట్టు గుండ్రటి గుంతలు చేశాయి. చూడముచ్చటగా ఉంటుంది గానీ అక్కడ ఈత వద్దు. నది సరస్సులో కలిసే చోట ప్రవాహం మనిషిని లాగేస్తుంది.

సరస్సు నీళ్ల సగటు వేడి 4 డిగ్రీలే. ఎండాకాలంలో ఒడ్డు దగ్గర కాస్త నయం. పిల్లలు మోకాళ్లదాకా దిగి కేక పెట్టి బయటికి పరుగెత్తుతారు, మళ్లీ దిగుతారు. పెదవులు నీలం తిరిగి వణుకు పట్టకముందే తుడిచి పొడిబట్టలు వేయాలి. ఒడ్డు నిండా అలలు నునుపు చేసిన రాళ్లు ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగుల్లో ఉంటాయి. జూన్ చివర్లో తూర్పు కాలమానం ప్రకారం రాత్రి పదింటికి కాస్త ముందు పొద్దుగుంకుతుంది. ఆ వేళ దాకా పిల్లలు రాళ్లు నీటిమీద ఎగరేస్తూ ఉంటారు, ఎవరూ రమ్మని పిలవరు. అయితే జూన్‌లో దోమలూ కరిచే నల్ల ఈగలూ ఎక్కువ. ఆగస్టు రెండో సగం కుటుంబాలకు అన్నిటికన్నా అనువైన కాలం. సెప్టెంబరు చివర మేపుళ్లు ఎర్రబడతాయి గానీ అప్పటికి బడులు తెరిచేస్తారు.

రాత్రి పడుకునే ముందు బూట్లు టెంటు లోపల పెట్టుకోవాలి. కొండలకు పేరిచ్చిన ఏదుపందికి ఉప్పంటే ప్రాణం. చెమట ఊరిన తోలునూ, చేతులు పట్టిన కర్ర పిడినీ తెల్లారేసరికి కొరికేస్తుంది. దీపాలన్నీ ఆర్పేశాక ఊళ్ల వెలుగు సోకని ఆకాశంలో పాలపుంత స్పష్టంగా తెలుస్తుంది. నగరంలో పుట్టిన పిల్లలు దాన్ని మొదట మబ్బు అనుకుంటారు.

విడిది ఎత్తేటప్పుడు నిప్పుల గుంతలో నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిద దగ్గరికి చెయ్యి పెట్టి చూడాలి. వేడి తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. తెచ్చిన ప్లాస్టిక్కూ తొక్కలూ తిరిగి సంచుల్లోకి ఎక్కాలి, నారింజ తొక్క కూడా. తిండి అయిపోయింది కాబట్టి వచ్చిన రోజుకన్నా సంచులు తేలికగా ఉంటాయి, తడిసిన టెంటు ఒక్కటే బరువు. దాన్ని అలాగే చుట్టి మూల పెడితే బూజు పడుతుంది. ఇల్లు చేరిన రాత్రే గ్యారేజీలో తాడు కట్టి ఆరేయాలి. అప్పుడు దాని మడతల్లోంచి హెమ్‌లాక్ సూదులు కొన్ని రాలతాయి.