రంగు తీసేసినా మన రంగు మిగలాలి

దండారీ వచ్చిందంటే ఇప్పుడు మన గూడేల్లో ప్రతి చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. గుస్సాడీలు గజ్జెలు కట్టుకోకముందే పిల్లలు ఫొటోలు మొదలుపెడతారు. రాత్రికల్లా ఆ ఫొటోల్లో కొన్ని నలుపు తెలుపుగా మారి స్టేటస్‌లలోకి ఎక్కుతాయి. ఎందుకు మార్చావు తమ్ముడూ అని అడిగితే నాకు ఎక్కువగా వచ్చే జవాబు ఒకటే: "పాత ఫొటో లెక్క ఉంటది అన్నా."

ఆ జవాబు నన్ను చాలా రోజులుగా ఆలోచనలో పడేసింది. మనం ఇవాళ ఆడుతున్న ఆట పాతదిగా ఎందుకు కనబడాలి?

ఈ పాతదనం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత, గోండుల పరిస్థితిని తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను మన ప్రాంతానికి పంపింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్యే ఉన్నారు. వారి సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. ఆ రోజుల్లో ఆయన తీసిన ఫొటోలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. మన తాతముత్తాతల ముఖాలు మనకు కనబడుతున్నాయంటే అందులో ఆ ఫొటోల పాత్ర పెద్దది. అవి నలుపు తెలుపులో ఉండటానికి కారణం మాత్రం మామూలుదే. అప్పట్లో అందరూ వాడే ఫిల్ము అదే. కలర్ ఫిల్ము అరుదు, ఖరీదు కూడా. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లు ఆ రోజుకు ఆ రోజు మనుషులు. పాతకాలం మనుషులుగా కనబడాలని వాళ్లు నిలబడలేదు.

మనల్ని గడిచిపోయిన కాలపు మనుషులుగా చూసే అలవాటు బయటి లోకానికి ఇప్పటికే ఉంది. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజు గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఆ గౌరవం దక్కింది బతికున్న కళకు. ఆ నెమలి ఈకల టోపీలోని నీలం, పచ్చ తీసేసి బూడిద రంగు పూస్తే దాన్ని మన చేతులతోనే మ్యూజియంలో పెట్టినట్టు అవుతుంది.

అలాగని నలుపు తెలుపు వద్దని నేను అనడం లేదు. నాకు అదంటే ఇష్టం. రంగు దాచిపెట్టిన దాన్ని అది బయటపెట్టగలదు. అయితే రంగు తీసేసేటప్పుడు ఫోన్ లోపల ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి.

డిజిటల్ ఫొటోలో ప్రతి చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఒక్క మీట నొక్కి రంగు తీసేస్తే సాధారణంగా ఆకుపచ్చలో 59 శాతం, ఎరుపులో 30 శాతం, నీలంలో 11 శాతం కలిపి ఒకే అంకె చేస్తారు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ వెలుగుగా, నీలం తక్కువ వెలుగుగా తోస్తాయి కాబట్టి ఆ లెక్క. చెట్టు ముందు ఎర్ర చీర కట్టుకున్న ఆమె నిలబడిందనుకోండి. చీర అంకెలు 200, 30, 30. ఆకు అంకెలు 30, 120, 20. లెక్క కడితే చీరకు 81, ఆకుకు 82 వస్తుంది. కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడిన ఎర్ర చీర ఆకుల్లో కలిసిపోతుంది.

దీనికి మందు కూడా ఉంది. స్నాప్‌సీడ్‌లో నలుపు తెలుపు చేసేటప్పుడు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే గింప్‌లో మోనో మిక్సర్ ఉంది. వాటితో ఏ రంగు ఎంత కలవాలో మనమే చెప్పవచ్చు. ఎరుపు మాత్రమే తీసుకుంటే చీర 200, ఆకు 30 అవుతాయి. చీర తెల్లగా వెలుగుతుంది, అడవి చీకటవుతుంది. ఆకుపచ్చ మాత్రమే తీసుకుంటే చీర 30, ఆకు 120. అంతా తలకిందులవుతుంది. ఒకే ఫొటో, రెండు వేరు వేరు చిత్రాలు. ఫిల్ము రోజుల్లో లెన్స్ ముందు రంగు అద్దాలు పెట్టి ఇదే పని చేసేవారు.

మా అవ్వ ఫొటో దగ్గర ఈ విషయం నాకు బాగా అర్థమైంది. మన పెద్దవాళ్లకు తోటి మహిళలు పచ్చబొట్లు పొడిచేవారు. మా అవ్వకు నుదుటి మీద, మోచేతుల వరకు పచ్చబొట్లున్నాయి. నీలం ఫిల్టర్ పెట్టి చూస్తే చర్మం, పచ్చబొట్టు రెండూ ఒకే నలుపై బొట్టు మాయమైంది. ఎరుపు ఫిల్టర్ పెడితే చర్మం వెలిగి ప్రతి చుక్కా, ప్రతి గీతా విడిగా తేలింది. కలర్ ఫొటోలో కూడా అంత స్పష్టంగా లేవు. కానీ ఎరుపు ఫిల్టర్ ముఖాన్ని తెల్లగా కూడా చేస్తుంది. అందుకని పచ్చబొట్లు నిలుపుకొని, ఆ తర్వాత వెలుగు తగ్గించుకుంటూ పోయాను. అవ్వ మళ్లీ అవ్వ రంగుకు వచ్చేదాకా తగ్గించాను.

ఆ ఫొటోను పెద్దగా ప్రింటు వేయించడానికి కరీంనగర్‌లో ఒక స్టూడియోకు పోయాను. కంప్యూటర్ ముందున్న అతను నన్ను అడగకుండానే ముఖం తెల్లగా చేశాడు, ముడతలు తుడిచేశాడు. నుదుటి బొట్టు మరకనుకుని దాన్నీ తీసేశాడు. "మంచిగ కొడుతుంది సార్" అన్నాడు. అతనికి మన మీద కోపమేమీ లేదు. అందమంటే తెలుపని నేర్చుకున్నాడు, అంతే. నేను తెచ్చిన ఫైలునే ఉన్నది ఉన్నట్టు ప్రింటు వేయమని పక్కన నిలబడ్డాను. నలుపు తెలుపులో ముఖం ఎంత నల్లగా ఉండాలన్నది ఎవరో ఒకరు నిర్ణయించాల్సిందే. ఆ నిర్ణయం యంత్రానికో, మనల్ని ఎరగనివాళ్లకో వదిలేస్తే మన పెద్దల ముఖాలు మనకే కొత్తవాళ్ల ముఖాలవుతాయి.

కేస్లాపూర్ నాగోబా జాతరలో పని ఇంకోలా ఉంటుంది. మెస్రం వారి తెల్ల బట్టలు, తలపాగాలు, భేటింగ్‌కు వచ్చిన కొత్త కోడళ్ల తెల్ల చీరలు. అక్కడ ఉన్నదే తెలుపు, నీడ. నలుపు తెలుపుకు అంతకన్నా తగిన చోటు లేదు. కానీ ఎండలో తెల్ల బట్ట అంకె 255కు చేరితే మడతలన్నీ పోయి ఉత్త తెల్ల కాగితమే మిగులుతుంది. తర్వాత ఏ ఫిల్టరూ దాన్ని తిరిగి తేలేదు. ఫొటో తీసేటప్పుడే తెల్లబట్ట మీద వేలు పెట్టి వెలుగు కొంచెం తగ్గించుకోవాలి.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇదే. మార్చేది ఎప్పుడూ నకలునే మార్చండి, రంగుల అసలు ఫొటోను దాచండి. పోయిన రంగును కంప్యూటర్ ఊహించి అద్దుతుంది గానీ, అవ్వ చీర నిజంగా ఏ రంగో దానికి తెలియదు. ఫొటోలో ఉన్నవాళ్లకు మార్చినది చూపించి, సరే అన్నాకే బయట పెట్టండి.

బడిలో టీచర్లు దీన్ని ఒక పాఠంగా చేయవచ్చు. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్ల ఫొటో ఒకటి తీసుకురావాలి. దాన్ని మూడు ఫిల్టర్లలో మార్చి, ఏది మా అవ్వ లెక్క ఉంది, ఎందుకని చెప్పాలి. లెక్కలు, సైన్సు, ఇంటి కథ మూడూ ఒకే గంటలో వస్తాయి. ఫొటో వెనక పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ రాయించండి. నేను చూసిన పాత ఫొటోల్లో చాలా ముఖాలకు పేర్లు లేవు. మన పిల్లలు ఇప్పుడు తీస్తున్న వాటికి ఉండాలి.