వాడ ముచ్చట్లు – 19: ఎగరనీకి ఎన్ని గజాలు కావాలె?



ఈసారి రాజకీయం రాయొద్దనుకున్న. పిల్లలు ఎగిరే గుడ్డ గురించి రాస్తున్న. దాంట్లకి కూడ రాజకీయం దూరింది, అది నా చేతుల లేదు.

డాలస్‌ల ఉండే మా తమ్ముడు రెండు నెలల కింద ఫోన్ చేసి, "అన్నా, అమ్మ పేరు మీద మన వాడ పిల్లలకు ఒక ట్రాంపొలిన్ కొందాం. పైసలు నేను పంపుత. ఏ బ్రాండ్ మంచిదో నువ్వు చూడు" అన్నడు. ట్రాంపొలిన్ అంటే తెల్వనోళ్లకు చెప్త. జాతర్ల, ఎగ్జిబిషన్ల పిల్లలను ఎక్కిచ్చి "జంపింగ్" అంటరు చూడు, అది. ఇనుప రింగుకు చుట్టూ స్ప్రింగులు, నడుమ బిగిచ్చిన నల్ల గుడ్డ, పడకుండ వల.

అమ్మ పేరు మీద నీళ్ల ఫిల్టర్ పెట్టొచ్చు, బడికి బెంచీలు ఇయ్యొచ్చు. ఇదే ఎందుకని వాడల మస్తుమంది అడిగిన్రు. మాది మునుగోడు దిక్కు ఊరు. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు మేం తాగింది బోరింగు నీళ్లే, అంటే ఫ్లోరైడే. నాకు తెలివొచ్చేసరికే అమ్మ మెడ తిరగకపోయేది. ఎన్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరిగేది. కింద కూసుంటే లేపనీకి ఇద్దరం పట్టాలె. మేం చిన్నగున్నప్పుడు పటేల్ గడ్డివాము మీదికెక్కి ఎగిరేది. వాళ్ల జీతగాడు కట్టె పట్టుకొని ఉరికిస్తుండె. ఇంటికొస్తే అందరి అమ్మలు ఇంకో రెండు తగిలిచ్చేది. మా అమ్మ మాత్రం, "ఎంత ఎత్తు ఎగిరిన్రు బిడ్డా?" అని అడిగేది. మా తమ్మునికి అది యాదికున్నది. ఇంక నేనేం అడ్డం చెప్తా?

సరే, బ్రాండ్లు చూస్తందుకు కూసున్న.

డాలస్‌ల తమ్ముని ఇంటి ఎన్క పెరట్ల 14 అడుగుల స్కైవాకర్ ఉన్నది. అమెరికాల అది మామూలు ఇండ్లల్ల ఎక్కువ కనపడే కంపెనీ. దాని మీద స్ప్రింగ్‌ఫ్రీ అని ఇంకోటి, దాని ఖరీదు వెయ్యి డాలర్లు దాటుద్ది. న్యూజిలాండ్‌ల క్యాంటర్‌బరీ యూనివర్సిటీల కీత్ అలెగ్జాండర్ అనే ఇంజినీరు తయారు జేసిండు. పేర్లనే ఉన్నది గదా, దానికి స్ప్రింగులు లేవు. గుడ్డ అంచు కిందినుంచి ఒంగే కడ్డీలు పట్టుకుంటయి. పిల్లల కాళ్లు చేతులు స్ప్రింగుల నడుమ ఇరుక్కునుడు, అంచు ఇనుముకు తలిగి పండ్లు రాలుడు ఉండొద్దని ఆ ఉపాయం. ఆస్ట్రేలియాల వూలీ అని ఉన్నది, ఇంగ్లండ్‌ల ప్లమ్ అని ఉన్నది. చూస్తందుకు బాగుంటయి. మా మండలం పిన్‌కోడ్‌కు తెప్పియ్యాలంటే వస్తువు కంటే కిరాయే బరువైతది. మనకు అందేది రెండే తొవ్వలు. ఒకటి డెకాథ్లాన్, ఫ్రాన్స్ కంపెనీ, హైదరాబాద్‌ల దుకాణాలున్నయి. రెండోది ఆన్‌లైన్ల కుప్పలు కుప్పలు దొరికే, పేరు ఇయ్యాల ఒకటి రేపు ఒకటి ఉండే సరుకు.

ఈ రెండో రకం ఫోటోలు చూస్తే అన్ని ఒక్క తల్లి పిల్లలే. అందుకే పేరు ఇడిసిపెట్టి వస్తువును చూసుడు మొదలువెట్టిన. పైపు మందం ఎంత? మిల్లీమీటర్ల రాస్తున్నడా, "హెవీ డ్యూటీ" అని ఊకుంటున్నడా? మందం రాయనోని సరుకు నేను పక్కకు పెట్టిన. పైపుకు జింకు పూత లోపట కూడ ఉన్నదా, పైన రంగు మాత్రమేనా? ఇనుము లోపలినుంచే తుప్పు పడ్తది, పైన మెరుస్తనే ఉంటది. స్ప్రింగు ఎంత పొడుగు, ఎన్ని ఉన్నయి? పొడుగు స్ప్రింగు మెత్తగ సాగుతది, పొట్టిది మోకాలుకు కొడ్తది. వల స్ప్రింగులకు లోపలి దిక్కున్నదా, బయటి దిక్కా? లోపలుంటే పిల్ల స్ప్రింగుల మీద పడదు. స్ప్రింగుల మీద కప్పే మెత్త, మా నల్లగొండ ఎండకు ఎన్ని ఎండకాలాలు ఆగుద్ది? గుడ్డ పాలీప్రొపిలీన్ది. ఎండకు తట్టుకునే మందు పట్టిచ్చిండా లేదా? అన్నిటికంటె పెద్ద ప్రశ్న, చినిగినంక గుడ్డ ఒక్కటే, వల ఒక్కటే విడిగ అమ్ముతడా? యూరప్‌ల ఇండ్ల ట్రాంపొలిన్లకు ఈఎన్ 71-14 అని ఒక ప్రమాణం ఉన్నది. అమెరికాది ఏఎస్‌టీఎం ఎఫ్381. ఆ నంబర్లు పెట్టె మీద ఉన్నయా అని అడిగితే, ఒక ఆన్‌లైన్ అమ్మేటాయన "సార్, ఇది చాలా స్ట్రాంగ్" అని జవాబు పెట్టిండు. నంబరు అడిగితే బలం చెప్తడు!

పాలమూరు మా అత్తగారి దిక్కు. దీపావళి దాటినంక కురుమూర్తి జాతరకు పోయినం. తెల్వనోళ్లకు చెప్పాలె, ఆ దేవుని ఉద్దాలు, అంటే చెప్పులు, కుట్టేది మాదిగోళ్లు. ఆ ఉద్దాలు ఊరేగి వస్తేనే జాతర నిండుగైతది. మనం కుట్టిన తోలును నెత్తి మీద మోసే చేతులు మనకు మంచినీళ్లు ఎట్ల పోసినయో ఇంకోసారి రాస్త. అక్కడ ఒక జంపింగ్ దుకాణం కాడ నేను గంట సేపు నిలబడ్డ. నా బిడ్డ, "నాన్నా, ఎక్కుడు నేనా నువ్వా?" అని నవ్వింది. వల రెండు చోట్ల చినిగి తాడుతోని కట్టి ఉన్నది. మెత్త లేదు, స్ప్రింగులు బయటికే ఉన్నయి. ఒక్కసారే ఏడెనిమిదిమందిని ఎక్కిస్తున్నడు. పెద్ద పోరడు ఎగిరి దిగినప్పుడల్ల పక్కనున్న చిన్న పిల్ల తన ఇష్టం లేకుండనే గాల్లకి లేస్తుంది.

అదే అసలు ప్రమాదం. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం ఇంట్ల ట్రాంపొలిన్ వద్దనే చెప్తది. దెబ్బల్ల ముప్పావు వంతు ఒక్కసారి ఎక్కువమంది ఎక్కినప్పుడే తలుగుతున్నయని 2012ల రాసిన్రు. తలిగేది ఎక్కువ చిన్నోనికే, తక్కువ బరువోనికే. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కోపమొచ్చింది. బరువున్నోడు దిగితే బక్కోడు ఎగిరిపోవుడు మనకు కొత్తనా? వల ఉన్నదని ధైర్యపడొద్దని కూడ వాళ్లే అంటరు. ఆరేండ్ల లోపు పిల్లలు వద్దు, పల్టీలు వద్దు, పెద్దమనిషి కావలి లేకుండ వద్దు, ఒక్కసారి ఒక్కరే. తమ్మునికి ఇవన్ని చదివి వినిపిచ్చిన. "అయినా కొందామంటవా?" అన్న. "ఒక్కొక్కరినే ఎక్కిద్దాం అన్నా" అన్నడు.

దీని పుట్టుక గురించి కూడ చదివిన. 1934ల అమెరికాల, అయోవాల, జార్జ్ నిసెన్, లారీ గ్రిస్‌వోల్డ్ అనే ఇద్దరు జిమ్నాస్టులు దీన్ని తయారు జేసిన్రు. సర్కస్‌ల ఊగేటోళ్లు ఆఖరికి కింది వలల పడి ఎగురుడు నిసెన్ చిన్నప్పుడే చూసిండు, అక్కడ పుట్టింది ఆలోచన. 1945ల పేటెంటు వచ్చింది. 2000ల సిడ్నీ ఒలింపిక్స్‌ల ఆట అయింది. మంచిదే. మన ఊర్లల్ల దొమ్మరోళ్లు గడ ఎక్కి, తాడు మీద నడిచి, పల్టీ కొట్టి ఎన్ని తరాలు ఎగిరిన్రు! వాళ్లకొచ్చింది బీసీ-ఏ లిస్టుల ఒక పేరు, ఊరోళ్ల నోట్ల ఒక తిట్టు. ఇప్పటికి ఆడపిల్ల గట్టిగ నవ్వినా, చెట్టెక్కినా ఆ కులం పేరే పెట్టి తిడ్తరు. ఎగురుడు ఒకరికి పేటెంటు, ఇంకొకరికి బూతు.

ఇగ జాగ లెక్కకొస్త. చాలా బ్రాండ్ల పుస్తకాలల్ల, చుట్టూ ఆరడుగులు ఖాళీ ఉంచుమని రాస్తరు. అమెరికా పుస్తకాలల్లనైతే పైన కూడ 24 అడుగులు ఏం అడ్డం ఉండొద్దంటరు. నేను పెన్ను పట్టి లెక్క చేసిన. తమ్ముని పెరట్ల ఉన్నది 14 అడుగులు, రెండు దిక్కులు ఆరు ఆరు కలిపితే 26. 26 ఇంటు 26, 676 చదరపు అడుగులు. 75 గజాలు. మేం ఆరుగురం పెరిగిన ఇంటి పట్టా 60 గజాలు. చిన్నది, 8 అడుగులది తీసుకుందాం. 8కి 12 కలిపితే 20. 20 ఇంటు 20, 400 చదరపు అడుగులు. ఆ అంకె ఎక్కడనో చూసినట్టు అనిపిచ్చింది. ఇందిరమ్మ ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలె, అట్లయితెనే సర్కారు ఐదు లక్షలిస్తది. అంటే ఒక కుటుంబం వండుకొని, పండుకొని, సచ్చేదాక బతికే ఇల్లు, ఒక పిల్ల ఎగిరే చిన్న జాగ, రెండు ఒక్కటే కొలత. వాడల పెరడు ఎవనికున్నది? గోడకు గోడ తగిలి ఉంటది. పైనేమో కరెంటు తీగలు, చెయ్యి లేపితే అందేటట్టు.

అందుకే ఎవరింట్లనో పెట్టే ముచ్చటే లేదు. ఉన్నది రెండు జాగలు. ఊరి నడుమ బడి, వాడల కమ్యూనిటీ హాలు ముంగట మైదానం. ఊరి పెద్దమనుషులు నాకు కబురు పెట్టిన్రు, "బడిల పెట్టురి, అందరి పిల్లలు ఆడుకుంటరు" అని. మాట మంచిగనే ఉన్నది. నేను బడిల చదివినోన్నే, ఆ మైదానంల ఎవరు ముందు ఆడ్తరో, ఎవరు బంతి అందిస్తరో నాకు తెలుసు. మా యువజన సంఘం పిల్లలు ఒక్క మాట అడిగిన్రు: "అందరి పిల్లలు వాడకొచ్చి ఆడుకోరాదా? దూరం అంతే గదా." బడినుంచి హాలుకు నాలుగు వందల అడుగులు. వాడ పిల్లలు రోజు రెండుసార్లు నడుస్తరు. హాలు కాడనే పెడ్తున్నం.

మైదానం టేపు పెట్టి కొలిచినం, 40 ఇంటు 30. ఒక అంచున తీగ పోతది, ఇంకో మూలకు యాపచెట్టు. తీగను ఇడిసిపెడితే 10 అడుగులది పడ్తది, 22 ఇంటు 22. కింద ఇసుక పోస్తం. గాలిదుమారానికి లేసి పోకుండ కాళ్లను భూమికి బిగిచ్చే కొక్కేలు విడిగ కొంటున్నం. డెకాథ్లాన్‌దే తీసుకుంటున్నం. అది అన్నిట్ల గొప్పదని కాదు. ఏమన్న తేడా వస్తే బస్సెక్కి పోయి మనిషి ముంగట నిలబడి కొట్లాడొచ్చు, ఆన్‌లైన్ పేరు మీద ఎక్కడికి పోయి కొట్లాడాలె? పైసలు కట్టేముందు విడి గుడ్డ, విడి వల దొరుకుతయా అని కాయితం మీద రాయించుకుంట. వారంటీ సంగతి కూడ చెప్పాలె. చాలా కంపెనీల కాయితంల "ఇంటి వాడకానికి మాత్రమే" అని ఉంటది. బడికి, సంఘానికి, జాతరకు వాడితే వాళ్ల పూచీ లేదు. ఒక వాడ మొత్తం ఒక ఇల్లు కింద లెక్కకు రాదు. అందుకని వారంటీని నేను ధరల లెక్కకట్టలే. రెండో గుడ్డకు పైసలు ఇప్పుడే పక్కకు తీసి పెట్టిన.

బిగిచ్చే పని మా పెదనాయిన చూస్తనన్నడు. ఆయన డప్పులు కట్టినోడు. ఫోన్ల వీడియో చూపిచ్చిన. స్ప్రింగులు వరుసగ పెట్టుకుంట పోతే గుడ్డ ఒక దిక్కు గుంజుకపోతది, ఎదురెదురుగ పెట్టాలె, ముందు నాలుగు దిక్కులు, తర్వాత నడుమ నడుమ. పుస్తకంల గదే రాసి ఉన్నది. ఆయన పుస్తకం చూడకుండనే చెప్పిండు: "గిది పెద్ద డప్పే గదరా. తోలు ఎట్ల గుంజుతమో గట్లనే. ఒక్క దిక్కు గుంజితె గొంతు పలకది." తర్వాత కొద్దిసేపు ఆగి, "దీన్ని కాపుడు అక్కర్లేదు, ఎండనే కాపుతది" అన్నడు.

కావలికి డిగ్రీ చదివే ఇద్దరు చెల్లెండ్లు ముందుకొచ్చిన్రు. సాయంత్రం ఐదునుంచి ఏడు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఆరేండ్ల లోపోళ్లకు లేదు, పల్టీ కొడితే ఆ రోజు దిగిపోవాలె. పేర్లు రాసేందుకు ఒక నోట్‌బుక్ పెట్టినం. ఆదివారం నాటికి 31 పేర్లు అయినయి. వాడ పిల్లలు 26. ఐదుగురు ఊరి పిల్లలు, హాలుకు ట్యూషన్‌కు వచ్చే దోస్తుల ఎంబడి వచ్చిన్రు. అండ్ల ఒక పిలగాడు, ఎనిమిదో తరగతి, అందరు పోయేదాక బయట చెప్పులు ఇడిసి యాపచెట్టు కింద నిలబడ్డడు. నేను పేరు రాస్తుంటే పెన్ను దిక్కు చూసి, "అన్నా, ఇంటిపేరు రాయకు. ఉట్టి పేరే రాయి" అన్నడు.

రాసిన. 29వ నంబరు.