పరుగెత్తి నీళ్ళు తాగాను

"ఈ వయసులో ఎవర్ని తరుముకుంటూ పరుగెడుతున్నారండీ?" అని మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒకాయన అడిగాడు. చెడ్డమనిషేం కాదు. నా ట్రాక్ ప్యాంటూ, చెమటకు తడిసిన టీషర్టూ చూసి ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ ఇంజనీరుగారు రోజూ పొద్దున్నే నిక్కరు వేసుకుని పరుగెత్తి వస్తారు. ఆయన్ని "ఆరోగ్యం మీద ఎంత శ్రద్ధో" అని అందరూ మెచ్చుకుంటారు. నాకు యాభై రెండేళ్ళు. డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్తాను. నేనెవర్ని తరుముతున్నానో, నన్నెవరు తరుముతున్నారో ఆ రోజు లిఫ్టులో చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా నాయనమ్మకు "పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు" అనే సామెత ఊతపదం. ఆ మాట అన్నయ్యతో అనగా నేనెప్పుడూ వినలేదు. వాడు గుంటూరులో హాస్టల్లో ఉండి ఎంసెట్ కోసం పరుగెత్తుతుంటే ఇంట్లో అందరూ వాడి చేతికి పాలగ్లాసు అందించారు. సామెత మాత్రం నాకూ, చెల్లికీ, మా అమ్మకూ మిగిలింది.

నిజానికి నేను బాగా పరుగెత్తేదాన్ని. తెనాలి దగ్గర మా ఊరి హైస్కూల్లో ఏడో తరగతి చదివేటప్పుడు ఆడపిల్లల వంద మీటర్ల పందెంలో నేనే గెలుస్తానని డ్రిల్లు మాష్టారు అందరితో చెప్పేవారు. అది 1984. పందెం ఆగస్టు 15న. సరిగ్గా నాలుగు రోజుల ముందు నేను పెద్దమనిషినయ్యాను. చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, గడప దాటొద్దన్నారు. పందెం రోజున బడి నుంచి మైకులో పాటలు వినిపిస్తూనే ఉన్నాయి. మా బడి మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే.

ఆ వారమే లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం పోగొట్టుకుంది. నాన్న ఆ వార్త పేపర్లో గట్టిగా చదివి, సొంత కూతురికే అన్యాయం జరిగినట్టు బాధపడ్డాడు. అరుగు మీద కూర్చున్న వాళ్ళంతా అయ్యో అన్నారు. ఆ అరుగుకీ నా చాపకీ మధ్య ఒక్క గోడ. మర్నాడే, ఆగస్టు 16న, ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని గవర్నరు బర్తరఫ్ చేశారు. ఇక ఊరంతా ప్రజాస్వామ్యం గురించే మాట. నా పందెం సంగతి నేను తప్ప అందరూ మర్చిపోయారు. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్ళపాటు నేను పరుగెత్తలేదు. బస్సు కోసం, చంటిపిల్ల ఏడిస్తే, స్టవ్ మీద పాలు పొంగితే పరుగెత్తిన పరుగులు వేరే లెక్క.

మళ్ళీ మొదలుపెట్టడానికి కారణం మా అమ్మ తుంటి ఎముక. 2020లో బాత్‌రూంలో జారిపడింది. పడింది చిన్న పాటే, విరిగింది మాత్రం పెద్ద ఎముక. ముట్లాగిపోయాక ఆడవాళ్ళ ఎముకలు త్వరగా గుల్లబారతాయని, శరీరం బరువును కాళ్ళు మోసే వ్యాయామాలు నలభైల నుంచే చేయాలని డాక్టరమ్మ అమ్మకు కాక నాకు చెప్పింది. అమ్మను హైదరాబాదు తెచ్చుకున్నాను. తర్వాతి ఏడాది ఉస్మానియా క్యాంపస్‌లో నడవడం మొదలుపెట్టాను. ఒక రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు ఎవరూ లేరని చూసుకుని యాభై అడుగులు పరుగెత్తాను. గుండె దడదడలాడింది. చున్నీ మెడకు చుట్టుకుంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మర్నాడు చున్నీ ఇంట్లో పెట్టి వెళ్ళాను. ఈ మాట రాయడానికి ఒక వాక్యం చాలింది గానీ, చేయడానికి రాత్రంతా ఆలోచించాను.

ఒక డిసెంబరు తెల్లవారుజామున ఇద్దరు కుర్రాళ్ళు బైకు మీద నా పక్కనే నెమ్మదిగా వస్తూ నా ఛాతీ గురించి ఒక మాట అన్నారు. మా విద్యార్థుల వయసే. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. నా సహచరుడు మంచివాడే. చెప్తే బాధపడతాడు, ఆ తర్వాత "కొన్నాళ్ళు మానెయ్" అంటాడు. మనలో ఎంతమందిమి ఇలా దాచుకుంటామో కదా! తప్పు చేసింది రోడ్డు మీదివాడు, రోడ్డు పోయేది మనకి. అందుకని నోరు మూసుకుని రోడ్డును దక్కించుకుంటాం. వారం తర్వాత క్యాంపస్‌లో కనిపించే ఇద్దరు ఆడవాళ్ళతో ఈ విషయం చెప్పాను. వాళ్ళ దగ్గరా ఇలాంటి కథలే ఉన్నాయి. అప్పటినుంచి ముగ్గురం కలిసి పరుగెత్తాం. తర్వాత ఐదుగురమయ్యాం. అందులో ఒకావిడ, నర్సుగా పనిచేసేది, "హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరుగెత్తుదాం" అంది. హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు.

అక్కడ నాకొక అడ్డు వచ్చింది. దీన్ని గురించి ఎవరూ రాయరు గనక రాస్తున్నాను. ఐదు కిలోమీటర్లు దాటితే నాకు మూత్రం చుక్కలు చుక్కలుగా పోతుంది. కాన్పయినప్పటినుంచి దగ్గినా తుమ్మినా ఉన్న బాధే, పరుగులో ఎక్కువైంది. ఆరు నెలలు దాచాను. పేరు కట్టలేనని నర్సు స్నేహితురాలికి కుంటిసాకులు చెప్పి, చివరికి అసలు సంగతి చెప్పాను. ఆమె నవ్వలేదు. "నాకూ అంతే. దానికి వ్యాయామాలున్నాయి, చాలామందికి తగ్గుతుంది. అప్పటిదాకా ప్యాడ్ పెట్టుకో" అంది. ఇరవై ఐదేళ్ళ సిగ్గు రెండు నిమిషాల్లో ఒక సాధారణ విషయమైపోయింది. కిరణ్ గాంధీ అనే అమెరికన్ యువతి 2015లో లండన్ మారథాన్‌ను నెలసరి రక్తం కనిపిస్తుండగానే, ప్యాడ్ లేకుండా పరుగెత్తింది. నాకంత ధైర్యం లేదు. ప్యాడ్ పెట్టుకున్నాను, నల్ల ప్యాంటు కూడా కొనుక్కున్నాను.

2024 ఆగస్టు చివరి ఆదివారం. మూడింటికి లేచి, అమ్మకు మందులు పక్కన పెట్టి బయటపడ్డాను. చీకటి ఇంకా వదల్లేదు. మా సందు మలుపులో ఆటో కోసం నిలబడితే, రోడ్డు ఊడ్చే ఆమె చీపురు ఆపి అడిగింది, "గింత పొద్దుగాల ఏడికి పోతున్నవక్కా?"

"పరుగు పందెం ఉంది."

"గెలిస్తే ఎంతిస్తరు?"

"నాలాంటి వాళ్ళకేమీ ఇవ్వరు. మనమే కట్టాలి."

"పైసలు కట్టి ఉరుకుతరా!" అని గట్టిగా నవ్వి మళ్ళీ వంగి ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ నవ్వు నాతోపాటు ఆటో ఎక్కింది. చీకట్లో రోడ్డు మీదికి రావడం నాకు విజయం. ఆమెకు అది డ్యూటీ. నా బూట్ల ఖరీదు ఆమెకు ఎన్ని రోజుల కూలో లెక్క వేయబోయి ఆపేశాను. రోడ్లు మనవి కావాలని మేం సభల్లో అంటుంటాం. ఆ రోడ్ల మీదే రోజూ తెల్లవారే ఆడవాళ్ళను ఆ 'మనం'లో ఎప్పుడైనా కలుపుకున్నామా? నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నతోనే నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర దిగాను.

వేలమంది జనం. నా చుట్టూ పదిమందిలో ఆడవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఛాతీ మీద నంబరు కాగితం పిన్నులతో పెట్టుకుంటుంటే చేతులు వణికాయి. 1967లో బోస్టన్‌లో కేథరిన్ స్విట్జర్ పెట్టుకున్న నంబరు 261. పేరు కె.వి. స్విట్జర్ అని రాసింది కాబట్టి నంబరు ఇచ్చారు. దారిలో ఆడమనిషని గమనించిన నిర్వాహకుడొకడు మీద పడి ఆ నంబరు చింపబోయాడు. అయినా ఆమె పందెం పూర్తి చేసింది. అంతకు ముందు ఏడాదే బాబీ గిబ్ దరఖాస్తును, ఆడవాళ్ళ శరీరాలు అంత దూరం తట్టుకోలేవని తిప్పి పంపారు. ఆమె పొదల్లో దాక్కుని, మగవాళ్ళ మధ్యలోకి దూరి 3 గంటల 21 నిమిషాల్లో పరుగు ముగించింది. బోస్టన్ ఆడవాళ్ళను అధికారికంగా రానిచ్చింది 1972లో. అది నేను పుట్టిన సంవత్సరం. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మారథాన్ పెట్టింది 1984లో. నేను చాప మీద కూర్చున్న ఆ ఆగస్టులోనే జోన్ బెనాయిట్ అది గెలిచింది.

పరుగెత్తితే గర్భసంచి జారిపోతుందని ఆ రోజుల్లో అక్కడ నమ్మేవారట. మా ఊళ్ళో ఆడవాళ్ళు నిండు బిందె నెత్తిన, మరోటి చంకన పెట్టుకుని చెరువు నుంచి ఇంటికి నడిచేవారు. ఏడో నెల కడుపుతో నాట్లు వేసేవారు. వాళ్ళ గర్భసంచుల గురించి ఎవరూ బెంగపడలేదు. ఇంటి కోసం చేసే చాకిరీకి అడ్డురాని శరీరం, తన సంతోషం కోసం నాలుగడుగులు వేస్తే మాత్రం సున్నితమైపోతుంది.

పరుగు మొదలైంది. మొదటి మూడు కిలోమీటర్లు నన్ను దాటిపోయిన వాళ్ళను లెక్కపెట్టాను. తర్వాత మానేశాను. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కినప్పుడు ఏదో అయింది నాకు. ఇరవై ఏళ్ళకు పైగా ఈ నగరంలో ఉన్నాను. ఇలాంటి ఫ్లైఓవర్లను బస్సు కిటికీలోంచి చూడటమే గానీ కాళ్ళతో ఎన్నడూ తొక్కలేదు. అంత ఎత్తు నుంచి, హారన్లు లేని ఆ పొద్దుట, ఊరు నాకోసం ఖాళీ చేసినట్టు కనిపించింది. ఎవరైనా చూస్తున్నారేమోనన్న ధ్యాస లేకుండా, చేతులో బ్యాగు లేకుండా, ఎవరి పనిమీదా కాకుండా నేను బయట ఉన్నాను. అలా ఎప్పుడైనా ఉన్నానా అని వెతుక్కుంటే గుర్తు రాలేదు.

కేబీఆర్ పార్కు దగ్గర చడాయి మొదలైంది. ఈ ఊరు కొండల మీద కట్టిన ఊరని అక్కడ మోకాళ్ళు చెప్పాయి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌కు వచ్చేసరికి నడుస్తున్నాను. నీళ్ళ బల్ల దగ్గర ఒక కాలేజీ పిల్ల గ్లాసు చాపి, "ఆంటీ, సూపర్! ఆగకుండా తాగేయండి" అంది. పరుగెత్తుతూ తాగాను. సగం ముక్కులోకి, సగం మెడమీదికి పోయాయి. నాయనమ్మ గుర్తొచ్చింది. నిలబడి తాగిన నీళ్ళకన్నా అవి ఎక్కువ రుచిగా ఉన్నాయని ఆమెకు చెప్పే వీల్లేదు.

2020లో తెరిచిన దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీదికి వచ్చేసరికి ఎండెక్కింది. ప్యాంటు తడిసింది. చెమటో, నీళ్ళో, ఇంకోటో తెలియదు, తెలుసుకోవాలనిపించలేదు. అక్కడినుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా కొంత నడక, కొంత పరుగు. నర్సు స్నేహితురాలు ముందే చేరి, నాకోసం వెనక్కి నడిచివచ్చింది. 3 గంటల 12 నిమిషాలు. మెడలో పతకం వేశారు. గెలిచినందుకు కాదు, పూర్తి చేసిన వాళ్ళందరికీ ఇచ్చేదే.

ఇంటికొచ్చి దాన్ని అమ్మ ఒళ్ళో పెట్టాను. "ఎంత దూరం?" అంది. చెప్పాను. "ఇంచుమించు తెనాలి నుంచి గుంటూరు దాకానా?" "కొంచెం తక్కువమ్మా." ఇంకేం మాట్లాడలేదు.

తొమ్మిది రోజుల తర్వాత, సెప్టెంబరు 3న, పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి జీవాంజి 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం గెలిచింది. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి, మానసిక ఎదుగుదలలో తేడాతో పుట్టిన పిల్ల. ఊళ్ళో వాళ్ళు నానా మాటలన్నా తల్లిదండ్రులు బిడ్డను వదులుకోలేదని పేపర్లు రాశాయి. మర్నాడు ఆ పరుగు టీవీలో మళ్ళీ మళ్ళీ చూపిస్తుంటే అమ్మ కళ్ళార్పకుండా చూసింది.

"వాళ్ళమ్మ ఆపలేదు" అంది. కాసేపాగి, "నిన్ను ఆపింది నేనే" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీ నాయనమ్మ కాదు. నాలుగో రోజు తలంటి పోశాక, బడికి పంపిస్తే పంపించమనే అంది ఆవిడ. నేనే వద్దన్నాను. అప్పట్లో పాత చీర గుడ్డలేగా పెట్టుకునేవాళ్ళం. పరుగులో జారితే? అందరి ముందూ గౌను మీద మరకపడితే? ఊరంతా నవ్వుతారని భయపడ్డాను."

నలభై ఏళ్ళు నాయనమ్మ మీద పెట్టుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను. పితృస్వామ్యం గురించి క్లాసులో గంటలకొద్దీ చెప్తాను. మా ఇంట్లో అది పాత చీర గుడ్డ జారుతుందన్న భయమని నాకు తెలియదు. అమ్మను నిలదీయాలనిపించింది. కానీ యాభై రెండేళ్ళ వయసులో, ప్యాడ్లు దొరికే రోజుల్లో, ఇన్ని పుస్తకాలు చదివి, అదే మరకకు భయపడి నేను ఆరు నెలలు పేరు కట్టలేదు కదా! ఆ సంగతి అమ్మకు చెప్పాను. మూత్రం సంగతి కూడా. ఆమె నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "నాకూ ఉండేదే. మీ చెల్లి పుట్టినప్పటినుంచి" అంది. డెబ్భై నాలుగేళ్ళ అమ్మ, యాభై రెండేళ్ళ కూతురు, ఒకే ఇంట్లో ఒకే బాధను ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నాం.

"వచ్చే ఏడు కూడా వెళ్తావా?" అని అడిగింది, వాకర్ పట్టుకుని లేస్తూ.

"వెళ్తానమ్మా."

"సరేలే. ఆ నల్ల ప్యాంటే వేసుకెళ్ళు" అంది.