అట్లాంటాలో ఒక ఈతకొలను

అట్లాంటా నగరమునకు పోవు మనవారు కోకకోలా ప్రదర్శనశాలను, తిమింగలపు సొరచేపలు తిరుగాడు అక్వేరియమును, మార్టిన్ లూథర్ కింగు జన్మించిన యింటిని చూచి, అటుపై ఉత్తరపు శివారులలోని బంధువుల యిండ్లలో విందులారగించి తిరుగుప్రయాణమగుట పరిపాటి. జార్జియా టెక్ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న మా మేనల్లుడే లేకున్నచో నేనును అంతటితో తృప్తి పడియుందును. "ఒలింపిక్స్ జరిగిన పూల్ మా క్యాంపస్‌లోనే ఉంది మామయ్యా, అది చూడకుండా ఎలా వెళ్తావు?" అని అతడు పట్టుబట్టుటచే ఒక శనివారపు ఉదయమున ఆ జలక్రీడామందిరమున అడుగిడితిని.

లోనికి పోగానే ముందుగా పలుకరించునది క్లోరిను వాసన. ఇది శుచిత్వమునకు గుర్తని మనలో పెక్కురు తలంతురు గాని, రసాయనశాస్త్రమెరిగినవారు వేరొకటి చెప్పుదురు: నీటిలోని క్లోరిను మనుష్యుల చెమటతోను, చెప్పరానిదగు మరియొక దానితోను కలిసినప్పుడు పుట్టు క్లోరమీనులే ఆ ఘాటునకు మూలము. కావుననే కొలనులో దిగుటకు ముందు స్నానము చేయుడని ఈతశాలలన్నిటను మొత్తుకొనుచుందురు. వినువారు ఏ దేశముననైనను కొందరే.

కొలను పొడవు 50 మీటర్లు. ఒలింపిక్ పోటీల కొలను వెడల్పు 25 మీటర్లుండును గనుక, లోతు రెండు మీటర్లే యనుకొని లెక్కించినను, 25 లక్షల లీటర్ల నీరు పట్టును. అంత నీటిని 25 మొదలు 28 డిగ్రీల వేడిమిలో నిలుపుట యొక పని. దానిని కదలకుండ జేయుట అంతకంటె పెద్దపని. ఒకడు లేపిన అల ప్రక్కవాని ముఖమున గొట్టకుండుటకై బాటల నడుమ ప్లాస్టిక్ బిళ్ళలు గ్రుచ్చిన త్రాళ్ళను లాగి కట్టియున్నారు. గట్టున వంగి ఒక బిళ్ళను వ్రేలితో త్రిప్పి చూచితిని. అది తేలికగా గిరగిర తిరిగినది. అల వచ్చి తాకునప్పుడు అట్లు తిరుగుటలోనే దాని బలమంతయు వ్యయమైపోవును. ఇక నీరు గట్టునకు సమముగా నిండియుండి, అంచు దాటి జాలులోనికి ఒలికి, వడపోతకుఁ బోయి మరల కొలనుఁ జేరుచుండును. అందుచే గోడను గొట్టుకొని అల వెనుదిరుగుట యుండదు. గోడకు ఐదు మీటర్ల దూరమున, కొలనునకు అడ్డముగా, చిన్న చిన్న జెండాల తోరణమొకటి వ్రేలాడుచుండగా అది అలంకారమనుకొంటిని. వెల్లకిల ఈదువానికి గోడ కనబడదు. తలపై ఆ జెండాలు కనబడినంతనే బారలు లెక్కించుకొని మలుపు తిరుగునని మా మేనల్లుడు వివరించెను.

1996 జూలైలో ఈ కొలనునకు ప్రక్కగోడలు లేవు. పైని కప్పు మాత్రముండి, సుమారు 15,000 మంది కూర్చుండుటకు వీలుగా మెట్లు కట్టిరి. ఎమీ వాన్ డైకెను అను అమెరికా యువతి బాల్యమున ఉబ్బసముచే బాధపడుచు, వైద్యుని సలహాపై ఈత ప్రారంభించి, ఇక్కడనే నాలుగు స్వర్ణపతకములు గైకొని, ఒకే ఒలింపిక్సులో అన్ని స్వర్ణములు గెలిచిన తొలి అమెరికా మహిళయైనది. వర్ణవివక్ష కారణముగా బహుకాలము వెలివేయబడిన దక్షిణాఫ్రికాకు, ఆ వెలి తొలగిన పిమ్మట మొదటి స్వర్ణమును పెన్నీ హైన్సు కప్పఈతలో ఇచ్చటనే సంపాదించెను. రష్యా దేశీయుడు పొపోవ్ 50, 100 మీటర్ల పందెములను రెంటిని బార్సిలోనాలో వలెనే మరల గెలిచెను. మన దేశమునుండి వచ్చిన కేరళీయుడు సెబాస్టియన్ జేవియర్ సైతము ఈ నీటిలోనే 50 మీటర్లు ఈదెను. పతకము రాలేదన్న కారణమున మనము అతని పేరును మరచితిమి.

ఆ క్రీడల వేళ కప్పుమీద 2,856 సౌరఫలకములు పరచి, సుమారు 342 కిలోవాట్ల విద్యుత్తు పుట్టించు ఏర్పాటు చేసిరి. దానికి ఆధ్వర్యము వహించిన ఆచార్యుడు అజీత్ రోహత్గీ మన కాన్పూరు ఐఐటీలో చదివినవాడని తెలిసి సంతోషము కలిగెను. ఉత్సవము ముగిసిన తరువాత వెలవెలబోవు క్రీడామందిరములు లోకమున పెక్కు గలవు గాని, వీరు దీనికి గోడలు కట్టి, కొలనుకును కప్పునకును నడుమనున్న శూన్యములో మరియొక అంతస్తును నిలిపి, దానిపై బాస్కెట్‌బాల్ ఆవరణలనేర్పరచి, 2004 నాటికి విద్యార్థుల వ్యాయామశాలగా మార్చివేసిరి. విశ్వవిద్యాలయముల జాతీయ ఈతపోటీలు 2016లోను 2022లోను ఇక్కడనే జరిగినవి. చిత్రమేమనగా, ఒలింపిక్సు మీటర్ల లెక్కయైనను ఆ పోటీలు నేటికిని గజములలోనే నడచును. 25 గజములకు, అనగా 22.86 మీటర్లకు, కొలనును కుదించి ఈదుదురు.

ఆవలి ప్రక్క దుముకు కొలను. మూడు మీటర్ల ఎత్తు పలకపై ఒక యువతి చేతనున్న చిన్న తువ్వాలుతో పిక్కలను, తొడలను శ్రద్ధగా తుడుచుకొని, ఆ గుడ్డను క్రిందికి విసరివైచి, పలక చివర వెనుదిరిగి నిలిచెను. దేహమును ముడిచి పల్టీలు కొట్టునప్పుడు తడికాలిపై చేయి జారినచో గతి తప్పునట. అందులకే ఆ తువ్వాలు. క్రింద నీటిపై సన్నని తుంపర ఎడతెగక పడుచుండెను. నిశ్చలమైన నీరు ఎంత దూరమున నున్నదో పైనుండి దుముకువారి కంటికి అందదు గనుక దానినట్లు చెదరగొట్టుదురు. 1996లో చైనా కన్య ఫూ మింగ్‌షియా పది మీటర్ల వేదికపైని, మూడు మీటర్ల పలకపైని గూడ స్వర్ణము గెలిచినది ఇక్కడనే.

ఇంత చెప్పియు, నన్ను మిక్కిలి ఆకర్షించినది ఈ భవనముకంటె పాతదగు ఒక విద్యయని ఒప్పుకొనవలెను. ఫ్రెడ్ లనూ అను శిక్షకుడు 1940లో ఈ విద్యాలయమున మునిగిపోకుండుటను ఒక పాఠ్యాంశముగా నేర్ప నారంభించెను. ఆయన కుంటుచు నడచువాడగుటచే విద్యార్థులు 'క్రాంక్‌షాఫ్ట్' అని మారుపేరు పెట్టిరి. యంత్రశాస్త్రము చదువు కుర్రలకు అంతకంటె మంచి పేరు తోచదు గదా! ఆయన సిద్ధాంతము ఇది: ఊపిరితిత్తుల నిండ గాలియున్నప్పుడు చాలమంది దేహములు తమంతట తామే తేలును, మునుగుచున్నవాడు బరువైన తలను నీటిపైకెత్తి నిలుపవలెనను తాపత్రయములో బలమంతయు పోగొట్టుకొనును. కావున ముఖమును నీటిలోనే వాల్చి, దండెమున ఆరవేసిన చొక్కావలె కాలుసేతులు వ్రేలాడవిడచి, ఊపిరి కావలసినప్పుడు మాత్రము నింపాదిగా తలయెత్తి, గాలి వదలి, మరల పీల్చుకొని, వెనుకటివలె వ్రేలాడవలెను. ఈ విద్య పట్టువడినదో లేదో చూచుటకు విద్యార్థుల చేతులను కాళ్ళను త్రాటితో కట్టి కొలనులో విడచెడివారు. అడుగుననున్న కడియమును పండ్లతో పైకి తెమ్మనెడివారు. ఇందు నెగ్గనివానికి పట్టము లేదు. లనూ 1965లో గతించినను, ఆ నియమము 1980ల చివరివరకు నిలిచినది. ఏ లెక్కల పరీక్షయు విద్యార్థి ప్రాణమును ఇంత సూటిగా కాపాడదని నా తలంపు. దానిని ఎత్తివేసినవారికి ఏవో కారణములుండవచ్చును గాని, అవి నాకు రుచింపలేదు.

"అప్పుడు చేరుంటే నాకు డిగ్రీ వచ్చేది కాదు మామయ్యా" అని నవ్వెను మా మేనల్లుడు. గోదావరి కాలువలు పారు సీమలో పుట్టి పెరిగినను వానికి ఈత రాదు.

చిన్న కొలనువద్ద పిల్లలకు ఈత నేర్పుచుండిరి. మొదటి పాఠము ఊపిరియే. ఐదారేండ్ల పిల్లలు వరుసగా గట్టును పట్టుకొని, ముఖము ముంచి, బుడగలు వదలి, నీరు కారు కన్నులతో పైకి లేచి, ఉపాధ్యాయురాలి వంక చూచుచుండిరి. ఒకతె మాత్రము మునుగుటకు ససేమిరా అనుచు గడ్డము తడిసినంతనే లేచిపోవుచుండగా, బల్లపై కూర్చున్న తల్లి "బుడగలొదులమ్మా, భయం లేదు!" అని తెలుగులో కేకవేసెను. ఏ ఊరమ్మా అని పలుకరించితిని.

"మాది తణుకండి బాబాయిగారూ. గోస్తనీ కాలవ ఇంటి దగ్గర్లోనే పారేది. మా అన్నయ్యలు పొద్దస్తమానం అందులోనే ఉండేవారు. నన్ను మాత్రం దిగనిచ్చేవారు కాదండి, ఆడపిల్లకి ఈతెందుకని."

"మరిప్పుడు?"

"దీనికి వచ్చేస్తే నేను గట్టునే ఉండిపోతానేమోనని, నేనూ పెద్దవాళ్ళ క్లాసులో చేరానండి. ఇంకా బుడగల దగ్గరే ఉన్నాను."

ఆమె మా మేనల్లుని వంక తిరిగి, "నీకు వచ్చా తమ్ముడూ?" అని అడిగెను. రాదని వాడు తలయూపగా, "అయితే నాతో పాటు చేరిపో, క్లాసులో తెలుగువాళ్ళు ఇంకెవరూ లేరు" అనెను. వాడు వేళలెప్పుడో చూచి వత్తునని కార్యాలయము వైపు నడచెను.