నాలుగు మార్కులు

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.కాం.



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు ఫోన్ చేసి, "మీరు పైకి వచ్చిన విధానం రాయండి" అన్నారు. సార్, పైకి ఇంకా రాలేదు, మధ్యలో ఉన్నాం అంటే, "అయితే ఆ మధ్యదే రాయండి" అన్నారు. కలం పట్టింది ఒకరే అయినా "మేము" అనే రాస్తున్నాం. ఆరో తరగతి నుంచి పది దాకా ఈ హాస్టల్లో పక్కపక్కనే ట్రంకు పెట్టెలు పెట్టుకున్న ఇద్దరి సంగతి ఇది. ఇప్పటికీ పుస్తకాలు ఒకటే, గది ఒకటే, అప్పు కూడా ఒకటే.

మా రెండిళ్ళలోనూ డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. 2024లో ఎం.కాం. పూర్తిచేసి, ఆ ఏడే హైదరాబాదులో ఒక వ్యాపార సంస్థలో లెక్కల విభాగంలో చేరాం. ముందు ఒకరు చేరి, నెల తర్వాత రెండోవారిని పిలిపించుకున్నారు. జీతం పదహారు వేలు. పొద్దంతా టాలీలో ఎంట్రీలు కొట్టడం, జీఎస్టీ రిటర్నులకు బిల్లులు సరిచూడడం మా పని. అక్కడ అద్దాల గదిలో కూర్చునే పెద్దాయన సీఎంఏ. ఆయన సంతకం పడితే తప్ప కాగితం కదిలేది కాదు. ఆ సంతకం చూసి మాకూ ఆశ పుట్టింది. డిగ్రీ ఉన్నవారు ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఎంఏ ఇంటర్మీడియట్‌కు నమోదు చేసుకోవచ్చు. ఈ మాట ఊళ్ళో చెబితే, "ఎం.కాం. చదివి మళ్ళా ఇంటరా?" అని నవ్వారు.

ఆ ఇంటర్మీడియట్‌లో రెండు గ్రూపులు, గ్రూపుకు నాలుగు పేపర్లు. మొదటి గ్రూపులో లా, ఫైనాన్షియల్ అకౌంటింగ్, పన్నులు, కాస్ట్ అకౌంటింగ్ ఉంటాయి. ఒక్కో పేపరులో కనీసం 40 రావాలి. అది చాలదు, నాలుగూ కలిపి 400కు 200 రావాలి. ఈ రెండో షరతును మేము తేలికగా తీసుకున్నాం. లెక్కలు చదివినవాళ్ళమే లెక్క తప్పాం.

2025 జూన్‌లో రాశాం. మాలో ఒకరికి వరుసగా 44, 52, 42, 58 వచ్చాయి. ప్రతి పేపరూ దాటింది, కలిపితే 196. కాస్ట్‌లో ఇంకో రెండు మార్కులు వచ్చి 60 అయి ఉంటే ఆ పేపరుకు మినహాయింపైనా దొరికేది. అదీ లేదు. ఇంకొకరికి పన్నుల్లో 31, ఇక కూడికతో పనే లేదు. ఎవరికి ఏవి వచ్చాయో చెప్పకూడదని మా ఒప్పందం.

ఫలితం చూసుకుని నెల తిరగకముందే, సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం మమ్మల్ని లోపలికి పిలిచారు. లెక్కల పని ఇకపై బయటివారికి అప్పగిస్తున్నామన్నారు. అయిదుగురిలో ముగ్గురిని తీసేశారు, అందులో ఇద్దరం మేమే. చివరి నెల జీతం రెండు విడతల్లో వచ్చింది. క్యాలిక్యులేటర్లు, టిఫిను డబ్బాలు సంచిలో వేసుకుని సిటీ బస్సెక్కాం. దారిపొడుగునా మాటల్లేవు. దిగాక ఒకరు "అద్దె ఎప్పుడియ్యాలె?" అని అడిగితే, ఇంకొకరు "అయిదో తారీఖు" అన్నారు.

ఉద్యోగం పోవడం మంచిదే అయింది, చదువుకు తీరిక దొరికింది అని కొందరు మిత్రులు ఓదార్చారు. తమ్ముళ్ళూ, ఆ మాట నమ్మకండి. మొదటి పది రోజులు తీరికే ఉంది, చదువు లేదు. పుస్తకం తెరిస్తే పేజీలో అద్దె కనిపించేది. సాయంత్రాలు ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులో బిల్లులు ఎక్కించే పని దొరికాకే, నెలకు నాలుగు వేలే అయినా, మనసు కుదురుకుంది.

అప్పుడు కూర్చుని మొదటిసారి ఎక్కడ తప్పామో చూసుకున్నాం. ఆఫీసు నుంచి తొమ్మిదికి వచ్చి, అన్నం తింటూ ఫోనులో పాఠాలు చూసేవాళ్ళం. చూసిందంతా చదివినట్టే అనుకున్నాం. పరీక్షేమో మూడు గంటలు చేత్తో రాసేది. ఏడాదిగా కీబోర్డు తప్ప కలం పట్టని వేళ్ళు రెండో గంటకే మొండికేశాయి. పన్నుల పుస్తకం కోఠిలో సగం ధరకు కొన్నాం. అది అంతకు ముందు ఏళ్ళది. ఏ ఆర్థిక చట్టం ప్రకారం జవాబులు రాయాలో సంస్థ ముందుగానే ప్రకటిస్తుంది, పాఠ్యపుస్తకాలు కూడా వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగానే ఉంటాయి. మేము డబ్బు పెట్టి పాత చట్టం కొనుక్కున్నాం. ఆ సెప్టెంబరు 22 నుంచే జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగిలాయి. పేపర్లో ఆ వార్త చదివి, మా సగం ధర పుస్తకాన్ని చూసి ఇద్దరం నవ్వుకున్నాం. ఉద్యోగం పోయాక నవ్వడం అదే మొదలు.

చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాం. అక్కడ సగం తెలంగాణ చదువుతున్నట్టు ఉంటుంది, దాదాపు అందరూ సర్కారు కొలువుల కోసమే. మొదటి రోజు పక్కనున్న తమ్ముడు "అన్నా, గ్రూప్ వన్నా, గ్రూప్ టూనా?" అని అడిగాడు. "గ్రూప్ వన్" అన్నాం. అబద్ధం కాదు కదా. అతను గౌరవంగా తన పుస్తకాలు జరిపి చోటిచ్చాడు. మాది సీఎంఏ గ్రూప్ వన్ అని బయటపడేదాకా, రెండు రోజులు ఆ గౌరవం అనుభవించాం. మధ్యాహ్నం అయిదు రూపాయల భోజనం. వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడితే మన హాస్టలే గుర్తొచ్చేది, ఇక్కడ గంట కొట్టేవారు లేరంతే.

గంట మేమే పెట్టుకున్నాం. పొద్దున్న మూడు గంటలు ఏదో ఒక పాత ప్రశ్నపత్రం మొత్తం రాయడం. తర్వాత బయట మెట్ల మీద కూర్చుని ఒకరికొకరు తెలుగులో చెప్పుకోవడం. మన సారు స్టడీ అవర్‌లో చేయించిందే ఇది. పది దాకా తెలుగు మీడియం చదివిన మాకు ఓవర్‌హెడ్స్ అండర్ అబ్జార్ప్షన్ అనే మాట ఎం.కాం.లోనూ పరాయిగానే ఉండేది. మెట్ల మీద అది మన వంటగదిలోకి వచ్చింది. వంద మంది తింటారనుకుని గ్యాసు ఖర్చు వెయ్యి రూపాయలను తలకు పది చొప్పున పంచాం. పండక్కి ఇరవై మంది ఊరెళ్ళారు. గ్యాసు మాత్రం వెయ్యి రూపాయలదీ కాలింది. ఎనభై మంది మీద వచ్చింది ఎనిమిది వందలే. ఆ మిగిలిన రెండు వందలే అండర్ అబ్జార్ప్షన్. ఆ తర్వాత ఆ లెక్క మాకు తప్పలేదు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. మాలో ఒకరి అమ్మే పట్టుకుంది. "ఏం బిడ్డా, ఈ మధ్య పగటీలి ఫోన్ చేస్తే ఎత్తుతున్నవ్, ఆఫీసుల లేవా?" అంది. దసరాకు ఊరెళ్ళి చెప్పేశాం. నాన్న ఇటుక బట్టీల్లో పనిచేసిన మనిషి. ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు. "పాసైతే ఏం పని చేస్తవ్?" అని అడిగాడు. ఇటుకకు మట్టి ఎంత పడింది, బొగ్గు ఎంత, కూలి ఎంత అని లెక్కగట్టి, ఖర్చు ఎక్కడ తగ్గించాలో యజమానికి చెప్పే పని అన్నాం. ఆయన కాసేపు బీడీ తాగి, "గా లెక్క మాకెర్కనే. మట్టి ధర పెరిగితే మట్టోనికి ఇస్తడు. బొగ్గు ధర పెరిగితే బొగ్గోనికి ఇస్తడు. వెయ్యి ఇటుకలకు మాకిచ్చేకాడ తగ్గిస్తడు. నువ్వు గదే చెప్తవా?" అన్నాడు.

మా దగ్గర జవాబు లేదు. లెక్కల పని బయటికి ఇస్తే ఎంత మిగులుతుందో, మేము పోగొట్టుకున్న ఆఫీసులోనూ ఎవరో ఒకరు ఇలాగే కాగితం మీద కట్టి ఉంటారు. ఆ కాగితంలో మేము రెండు వరుసలం. కాస్ట్ పుస్తకంలో లేబర్ అధ్యాయం అప్పటికే రెండుసార్లు చదివాం. తిరిగొచ్చాక మూడోసారి చదువుతుంటే ప్రతి లెక్కలో నాన్న కనిపించి ఆలస్యమయ్యేది. చదువు మానాలనిపించిందా అంటే, లేదు. ఆ లెక్క కట్టే చోట మనవాడు ఒకడు కూర్చుంటే ఏమవుతుందో చూడాలనిపించింది. ఏమీ కాకపోవచ్చు కూడా. తిరుగు ప్రయాణంలో అమ్మ పాతిక కిలోల బియ్యం బస్సెక్కించింది. డిసెంబరు దాకా అవే తిన్నాం.

2025 డిసెంబరులో మళ్ళీ రాశాం. ఈసారి వేళ్ళు మొండికేయలేదు. పన్నుల పేపరు రోజు ఇద్దరం బయటికొచ్చి జవాబులు పోల్చుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాం, ఛాయ్ తాగేలోపే ఒట్టు తప్పాం.

ఫలితం వచ్చింది. ఒకరికి 221, గ్రూపు దాటింది. ఇంకొకరికి మిగతా మూడూ బాగానే వచ్చాయి, పన్నుల్లో 38. ఆ రాత్రి దాటిన వారికి ఏం మాట్లాడాలో తెలియలేదు. దాటని వారే లేచి అన్నం వండారు. మొన్న ఈ వ్యాసం ఇవ్వడానికి హాస్టల్‌కు వస్తే తొమ్మిదో తరగతి తమ్ముడొకడు, "ఇద్దరిల ఎవరు పాసయిండ్రన్నా?" అని గట్టిగా పట్టుకున్నాడు. చెప్పలేదు. 2026 జూన్‌కు ఒకరు రెండో గ్రూపు, ఒకరు మళ్ళీ మొదటిదే రాయాలని అనుకున్నాం. లైబ్రరీలో కిటికీ పక్క బల్ల కావాలంటే తలుపులు తీయకముందే వెళ్ళి నిలబడాలి. ఎవరు ముందు లేస్తే వారు ఇద్దరి సంచులూ మోసుకెళ్తున్నాం.